గది కింద చప్పుడు

గేటుకి కాగితం అంటించి పోయారు. నేను ఇంట్లోనే ఉన్నాను. పిలిస్తే పలికేవాణ్ణి. పిలవలేదు. బయటికొచ్చేసరికి జిగురు ఇంకా తడిగానే ఉంది, వీధి చివర స్కూటరు మలుపు తిరుగుతోంది.

కళ్ళజోడు లేకుండానే చదివాను. అందులో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు అదే కాగితం నేను జనం చేతుల్లో పెట్టాను. 'మీ స్థలంలో నీటి కంపెనీకి గల పైపు దారి హక్కు మేరకు, నేటి నుండి ఏడు రోజుల తర్వాత తవ్వకం జరుపబడును. తవ్విన స్థలం పూర్వ స్థితికి తేబడును.' ఎవరు జరుపుతారో, ఎవరు తెస్తారో అందులో ఉండదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మా ఇంటి కుడిపక్క ప్రహరీ గోడ వెంట ఆరడుగుల పట్టీ ఉంది. నేల నాదే. కింద పైపు నీళ్ళ కంపెనీది. పైపుకి ఏమైనా అయితే వాళ్ళొచ్చి తవ్వుకోవచ్చు, నేను కాదనడానికి లేదు. ఆ పట్టీలో నేను గది వేయకూడదు, చెట్టు పెట్టకూడదు. వాళ్ళు మాత్రం తవ్వినదాన్ని ఉన్నది ఉన్నట్టు చేసి పోవాలి. ఆరడుగులు దాటి ఏడో అడుగులో గునపం వేయాలంటే నా సంతకం కావాలి. ఇదంతా ఇంటి కాగితాల్లోనే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు. గునపం దిగాక చదువుతారు.

కంపెనీలో నన్ను కడ్డీ మేస్త్రి అనేవాళ్ళు. మనిషెత్తు ఇనప కడ్డీ, దాని పైకొసకి ఒక చెక్కబిళ్ళ. కడ్డీ మొన నేలకి ఆనించి, బిళ్ళ చెవికి ఆనించుకుంటే కింద పైపులో నీళ్ళ సంగతి తెలుస్తుంది. కారుతున్న నీళ్ళు బుస కొడతాయి. కన్నం చిన్నదైతే ఈల, పెద్దదైతే గరగర. నేను ఇక్కడ తవ్వండి అంటే జానెడు అటూ ఇటూగా అక్కడే దొరికేది. వీధులన్నీ అలా వంగి వంగి విన్నాను. ఇప్పటికీ నా నడుము కొంచెం కుడికి ఒరిగే ఉంటుంది.

ఇంట్లో మాత్రం నాకు చెవుడు. ఆ మాట మా ఆవిడది.

ఆవిడ కుర్చీలు అల్లేది. సీటు జారిపోయిన కుర్చీలు బడుల నించీ ఆసుపత్రుల నించీ వచ్చి మా వసారాలో పడుండేవి. వైరు అల్లికకి వెలుతురు కావాలంటే, పట్టీని ఆనుకుని ఆవిడకో గది వేశాను. పెద్ద కిటికీ, ఎర్ర పలకల నేల. చివరి ఏడు నెలలు మంచం పట్టిందీ ఆ గదిలోనే.

ఒకరోజు పొద్దున్నే అంది.

"నేల కింద ఎవరో గుసగుసలాడుతున్నారండీ."

"మందుల మత్తు" అన్నాను.

ఇంకోరోజు అంది. మరోరోజు కూడా అంది. "ఊళ్ళో ఎవరింట్లో ఏం కారినా వింటారు. పెళ్ళాం చెప్తే వినపడదు" అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. నేను నీళ్ళ గ్లాసు అందించాను. తలుపు వెనకున్న కడ్డీ తియ్యలేదు.

తీస్తే వినపడుతుందని నాకు తెలుసు.

ఇరవై నాలుగేళ్ళ కిందట మా వీధికి పైపు వేసింది మా ముఠానే. తిన్నగా వచ్చిన కందకానికి సరిగ్గా మా పట్టీలో బండ తగిలింది. ఏనుగు వీపంత బండ. కొట్టాలంటే నాలుగు రోజుల పని. మా పెద్ద మేస్త్రి నుదురు తుడుచుకుని, "ఇల్లు నీదేగా. కాస్త నీ దొడ్లోకి వంచి మళ్ళీ కలిపేద్దామా?" అన్నాడు. సరే అన్నాను. వంపుకీళ్ళు వేసి, బండని చుట్టి, అయిదడుగులు నా జాగాలోకి తిప్పి, మళ్ళీ పట్టీలోకి తెచ్చాం. పటం మీద ఆయన స్కేలు పెట్టి తిన్నగా గీత గీశాడు. సరిచూసినవాడిగా కింద నేను సంతకం పెట్టాను. పరాయివాళ్ళ దొడ్డయితే ఒప్పుకునేవాణ్ణి కాదు. నాదే కదా అనుకున్నాను.

తర్వాత ఎనిమిదేళ్ళకి అక్కడే ఆవిడకి గది వేశాను. పైపు మీద కట్టడం వద్దు బాబూ అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే. ఏడో అడుగేగా, కాగితం ప్రకారం తప్పు లేదు అనుకున్నాను. ఆవిడకీ చెప్పలేదు.

ఆవిడ పోయాక వచ్చినవాళ్ళంతా వారంలో వెళ్ళిపోయారు. రెండో వారంలో ఒక పొద్దున గది ఊడ్చి, కడ్డీ తీశాను. మంచం తలవైపు కోడు ఉండే చోట ఆనించి బిళ్ళకి చెవి పెట్టాను. గుసగుసే. ఆవిడ సరిగ్గా చెప్పింది. ఈల కాదు, గరగర కాదు. పక్కగదిలో ఇద్దరాడవాళ్ళు ఎవరికీ వినపడకుండా మాట్లాడుకుంటున్నట్టు. మధ్యాహ్నం దాకా అలాగే కూచున్నాను.

ఆ రోజు నించి పొద్దున టీ గ్లాసు పట్టుకుని ఆ గదిలోకి పోవడం అలవాటయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ విన్నది చెప్పడానికే విన్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్తే బాగుచేస్తారు. బాగుచేస్తే ఆగిపోతుంది. గోడ గడియారం ఆగితే నేను బ్యాటరీ కూడా వేయలేదు. ఇంట్లో నేను కాక చప్పుడు చేసేది ఆ గుసగుస ఒక్కటే మిగిలింది.

అలా పద్నాలుగు నెలలు.

ఏడు రోజులు దాటాక ముఠా వచ్చింది. నలుగురు మనుషులు, వాళ్ళ పైన ఒక ఇంజనీరమ్మ. ముప్పై ఏళ్ళుంటాయి, నెత్తిన పచ్చ టోపీ, బూట్లకి పాత బురద. బురద చూసి మనిషి పనిమంతురాలే అనుకున్నాను. ఆవిడ ఫోనులో మా పాత పటం ఉంది.

"వీధి చివరిళ్ళకి నీళ్ళు ఎక్కట్లేదు పెద్దాయనా. కారుడు మీ పక్కనే ఎక్కడో ఉందని మిషను చెప్తోంది. మీకేమైనా అభ్యంతరమా?"

"ఆరడుగులు మీవి. ఏడో అడుగు నాది" అన్నాను. "పైమట్టి వేరే కుప్ప, అడుగుమట్టి వేరే కుప్ప పోయించండి. కలిపేస్తే నేల చచ్చిపోతుంది. పూడ్చేటప్పుడు జానెడు పోసి దిమ్మిస కొట్టాలి, మళ్ళీ జానెడు."

నలుగురిలో ఒకడు గునపం మీద గడ్డం ఆనించి నావైపు చూశాడు. వాగుడు ఆపడని వాణ్ణి మిగతావాళ్ళు రేడియో అంటారు.

"మేడమ్, ఈయనే తవ్వేట్టున్నాడు. మనం చెట్టు కింద కూచుందామా?"

"చెట్టెక్కడుందిరా ఇక్కడ?"

"పెద్దాయన పెట్టనివ్వడుగా, రూలు ప్రకారం."

నాకు నవ్వొచ్చింది. నా ఇంట్లో నా నవ్వు నాకే కొత్తగా వినపడింది.

టీ పెట్టాను. గ్లాసులు ఇంట్లో ఉన్నవి సరిపోక, మా ఆవిడ వైరు ముక్కలు వేసుకునే గాజు సీసా కూడా కడిగి అందులో పోశాను. రేడియోకి ఆ సీసా వచ్చింది. "నాకే ఎక్కువ పోశాడు, నేనంటే ఇష్టం" అన్నాడు.

మొదటిరోజు మధ్యాహ్నానికే బండ తగిలింది. రెండోరోజంతా ఉలీ సుత్తీ. పైపు జాడ లేదు, మట్టి పొడి పొడి. ఇంజనీరమ్మ చెవులకి గిన్నెల్లాంటివి తగిలించుకుని, మిషను నేల మీద జరుపుకుంటూ తిరిగింది. మా గది గోడ దగ్గర ఆగింది. ఒక అడుగు వెనక్కి, మళ్ళీ ముందుకి.

"గోడ దగ్గరే ఎక్కువ వినిపిస్తోంది. పునాదిలో ఇనుముందేమో, మోసం చేస్తోంది." గిన్నెలు తీసి నావైపు తిరిగింది. "మీరు పాతవారు. మీరేమంటారు?"

"పటం ఏమంటోంది?"

"తిన్నగా ఉందంటోంది."

"మరి" అన్నాను.

అంతే అన్నాను. అబద్ధం ఆడలేదని లోపలికి వెళ్ళాక సర్ది చెప్పుకున్నాను. వాళ్ళ సుత్తి దెబ్బలు గోడలోంచి వస్తున్నాయి, మధ్యలో రేడియో పాట. వాళ్ళకి దొరక్కపోతే బాగుండును అనిపించింది. అసలు దొరక్కుండా రేపూ రావాలి, ఎల్లుండీ రావాలి. ఆ సాయంత్రం వాళ్ళు పోయాక ఎంగిలి గ్లాసులు వెంటనే కడగలేదు. వరసలో అలాగే ఉంచాను, పొద్దుటిదాకా.

మూడోరోజు పదింటికి ఇంజనీరమ్మ పని ఆపించింది.

"ఇవాళ తేలకపోతే రేపు బండ పగలగొట్టే మిషను తెప్పిస్తాను. మీ గోడలు అదురుతాయి, ఏమైనా బీటలిస్తే మేమే చేయించాలి, అది రాసిస్తాను. అప్పటికీ దొరక్కపోతే ఈ లైను మూసేయడమే. ఎదురు వరస పక్క కొత్తది పడేదాకా వీధి చివరికి ట్యాంకరే గతి."

"ఎన్నాళ్ళు?" అని ఎవరో అడిగారు. నేను కాదు.

గేటు దగ్గర టైలరమ్మాయి నిలబడుంది, చేతిలో ఖాళీ బకెట్టు. వీధి చివరిల్లు ఆమెది. ముందుగదిలో కుట్టుమిషను, వెనక తనూ మంచాన ఉన్న వాళ్ళ అత్తా. మెళ్ళో టేపు తియ్యకుండానే వచ్చింది.

"ఏడాదేమో చెప్పలేను" అంది ఇంజనీరమ్మ.

"ఇంకో ఏడాదా?" టైలరమ్మాయి బకెట్టు కింద పెట్టింది. "ఇప్పటికే ఏడాది దాటింది మేడమ్. కొళాయి తిప్పితే వేలంత కూడా రాదు, దారంలా వస్తుంది. తెల్లారి నాలుగింటికి లేచి కింద బకెట్టు పెట్టుకుని కూచుంటాను. అది నిండేలోపు రెండు జాకెట్లకి చేతులు కుట్టేస్తున్నా. మా అత్తయ్య పక్కబట్టలు ఉతకడానికి కొత్తగా ఎవరింటికి పోవాలో తెలీట్లేదు." తర్వాత నావైపు తిరిగింది. "పిన్ని ఉన్నప్పుడే అడిగాను కదా బాబాయ్, ఒక్కసారి వచ్చి నీ కడ్డీ పెట్టి వినమని. తుప్పు పట్టిందన్నావు."

"అన్నాను."

"ఇప్పుడు కూడా తుప్పేనా? ఇంత మిషను వల్ల కానిది నీ చెవి వల్ల అవుతుందని పిన్ని చెప్పేది. గొప్ప కోసం చెప్పేదేమో మరి."

దెప్పుడే. కానీ కోపంగా అనలేదు. అలిసిపోయి అంది. నేను ఆమె చేతులు చూశాను. వేళ్ళ చివర సూది పొడిచిన నల్లచుక్కలు. మా ఆవిడ వేళ్ళకీ వైరు కోసిన గీతలుండేవి.

లోపలికి వెళ్ళాను. కడ్డీ ఆ గదిలోనే ఉంది, ఎక్కడ ఆనించానో అక్కడే. పలక మీద చిన్న గుంట కూడా పడింది. ఒకసారి చెవి పెట్టాను. గుసగుస. పెట్టిన చెవి తీయడం కష్టమయింది.

కిటికీ తీసి పిలిచాను.

"అమ్మా, ఒకసారి లోపలికి రా. బూట్లతోనే రా, పరవాలేదు."

ఇంజనీరమ్మ వచ్చింది. వెనకే గుమ్మం దాకా టైలరమ్మాయి, కిటికీ అవతల రేడియో మొహం. కడ్డీ ఆమె చేతికిచ్చి బిళ్ళ చూపించాను. వంగింది. ఆమె కళ్ళు నేల మీద ఒకచోట ఆగిపోయాయి.

"ఇదీ... ఇక్కడే ఉంది."

"మూడడుగుల లోతు. వంపుకీలు దగ్గర."

"పటంలో వంపే లేదు."

"పటం అబద్ధం. కింద రెండు సంతకాలుంటాయి, రెండోది చూడు."

ఫోను మీద వేళ్ళతో పెద్దది చేసుకుని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ఫోను చూసింది.

"మీకు... మొదటిరోజు నించీ తెలుసా?"

"పద్నాలుగు నెలల నించి."

కిటికీ అవతల్నించి రేడియో అన్నాడు. "మూడు రోజులు ఊరికే బండ కొట్టించావా పెద్దాయనా!"

"టీ ఇచ్చాను కదా" అన్నాను. వాడు నవ్వబోయి, టైలరమ్మాయి మొహం చూసి మానేశాడు.

ఆమె గుమ్మంలోంచి కదలకుండా, "ఏడాది, బాబాయ్" అంది. గేటు దగ్గర బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టుంటే బాగుండేది.

ఇంజనీరమ్మ టోపీ తీసి చంకలో పెట్టుకుంది. "పటం సంగతి నేను పైకి రాయక తప్పదు."

"రాయి."

"ఇంకోటి. ఇది మా పట్టీ కాదు. ఏడో అడుగు మీదన్నారు, నిజమే. మీరు వద్దంటే ఈ నేల ముట్టుకునే హక్కు మాకు లేదు. బలవంతం చేస్తున్నానని అనుకోవద్దు. ఆలోచించుకుని చెప్పండి."

ఆ మాట ఆమె చెప్పక్కర్లేదు. చెప్పకుండా సంతకం చేయించుకునేవాళ్ళని చాలామందిని చూశాను. నేనూ ఒకటి రెండుసార్లు అలాగే చేయించాను.

"కాగితం ఇయ్యి" అన్నాను.

రెండు పేజీల కాగితం. మొదటి పేజీలో సంతకం. రెండో పేజీ పైన 'తవ్వకానికి ముందు స్థలం స్థితి, యజమాని స్వదస్తూరితో' అని ఉండి, కింద అంతా గీతలు. అందులో ఏది రాస్తే దాన్నే కంపెనీ తిరిగి చేసివ్వాలి. జనం అక్కడ 'బాగుంది' అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. నిండా రాయండి, తర్వాత మీకే మంచిదని నేను చెప్తుండేవాణ్ణి. ఎవరూ వినేవారు కాదు.

నేను నిండా రాశాను. మా ఆవిడ కూచునే పీట మీద కూచుని, కుర్చీ మీద కాగితం పెట్టుకుని రాశాను. నా చదువు అయిదో తరగతి. అక్షరాలు పెద్దవిగా పడతాయి.

'ఎర్ర పలకల నేల. కిటికీ కింద మూడు పలకలు కాళ్ళ రాపిడికి నునుపు దేరినవి. మంచం లేదు, కోళ్ళ గుర్తులు నాలుగు ఉన్నవి. గోడకి మేకులు ఆరు, వాటికి వైరు చుట్టలు, నీలం, తెలుపు. సగం అల్లిన కుర్చీ ఒకటి, ఎవరిదో తెలియదు, అడగడానికి ఎవరూ రాలేదు. పొద్దున ఎండ గుమ్మం దాకా వచ్చును.'

కలం ఆగింది. ఇంకా ఒక గీత మిగిలింది.

'నేల కింద ఒక చప్పుడు ఉన్నది. అది తిరిగి ఇవ్వనక్కరలేదు.'

ఇంజనీరమ్మ నిలబడే చదివింది. చివరికొచ్చాక కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"కుర్చీ నేను జాగ్రత్తగా పక్కన పెట్టిస్తాను" అంది.

పలకలు రేడియో ఊడదీశాడు, ఒక్కొక్కటీ ఉలితో అంచులు లేపి, వెనక సుద్దముక్కతో అంకెలు వేసి, వరసగా గోడకి చేర్చాడు. పాట పాడలేదు. మూడడుగుల దగ్గర మట్టి నల్లబడింది, తర్వాత జారింది, తర్వాత నీళ్ళు ఊరాయి. కీలు దగ్గర చిటికెనవేలంత పగులు. దాన్ని ఇంతవరకూ నేను చూడలేదు, విన్నాను, అంతే. చాలా చిన్నది.

"వాల్వు కట్టేయమంటారా మేడమ్?" అని వీధిలోంచి ఎవరో అరిచారు.

ఆమె నావైపు చూసింది. నా అనుమతి అక్కర్లేదు దానికి. అయినా చూసింది. నేను తలూపాను.

అప్పటికే గొయ్యి తెరిచి ఉంది, కడ్డీ లేకుండానే వినపడుతోంది. సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఒక ఊపిరి తీసినట్టయి ఆగింది. ఇలా ఎన్ని వందలు ఆగగా విన్నానో. ప్రతిసారీ, పని అయింది పదండి అనేవాణ్ణి.

పలకల్లో నాలుగు పగిలాయి. బదులు తెచ్చినవి ఎరుపే కానీ ఆ ఎరుపు కాదు. 'పూర్వ స్థితి' అంటే ఆ నాలుగూ మార్చమని అడిగే హక్కు నాకుంది. ఇంజనీరమ్మే గుర్తు చేసింది. వద్దన్నాను. కోడు గుర్తు ఒకటి వాటిలో పోయింది. మట్టి మాత్రం రేడియో నేను చెప్పకుండానే జానెడు చొప్పున పోసి దిమ్మిస కొట్టాడు. పోయేటప్పుడు గాజు సీసా కడిగి తెచ్చిచ్చాడు.

"ఉంటాం పెద్దాయనా. మళ్ళీ ఎక్కడైనా వంచావా? ఇప్పుడే చెప్పు, బండ కొట్టే ఓపిక లేదు."

"లేదు. పో."

వాళ్ళ బండి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను.

టైలరమ్మాయి అయిదు రోజులు కనపడలేదు. నేనూ అటు పోలేదు. పోయి ఏం చెప్పను. నా చొక్కాకి గుండీ ఊడితే నేనే కుట్టుకున్నాను, వంకరగా.

ఆరో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. అలవాటు కొద్దీ టీ పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాను. కొత్త పలకల మీద చెప్పులు లేని కాలికి తేడా తెలుస్తోంది. కడ్డీ గోడకి ఆనించి ఉంది. ఏమీ ఉండదని తెలిసే కడ్డీ నేలకి ఆనించి, బిళ్ళకి చెవి పెట్టాను.

ఏమీ లేదు. పైపు బాగుంటే అంతే, రాయికీ దానికీ తేడా ఉండదు. టీ చల్లారింది. కిటికీ బయట ఇంకా మసక.

అప్పుడు కింద ఏదో కదిలింది. బుస కాదు. దూరంగా, మెత్తగా, ఒక్కసారిగా మొదలై సాగే చప్పుడు. వీధి చివర ఎవరో కొళాయి తిప్పారు. ఆ వేళకి లేచే ఇల్లు ఆ చివర ఒక్కటే. నీళ్ళు నా గది కింద నించి, వంపు తిరిగి, పట్టీలో పడి, ఆమె ఇంటికి పోతున్నాయి. లెక్కపెట్టాను. నలభై అంకె దాటకుండానే బకెట్టు నిండినట్టుంది. చప్పుడు ఆగింది.

నేను బిళ్ళ మీంచి చెవి తియ్యలేదు. వాళ్ళ అత్త బట్టలున్నాయి కదా. ఒక్క బకెట్టుతో అవదు.